పిల్లలకు జ్వరం మందు ఎంత పోయాలి: సీసా మీది లెక్క చదవడం ఎలా

"పాపకి జ్వరం, సిరప్ ఒకటివ్వండి." మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాళ్ళకి ఈ మాట రోజూ వినబడుతుంది. నేను మొదట అడిగేది "బరువెంత?" అని. చాలామంది వయసు చెబుతారు, "రెండేళ్ళు నిండాయండి" అని. రెండేళ్ళ పిల్లల్లో తొమ్మిది కిలోల వాళ్ళున్నారు, పద్నాలుగు కిలోల వాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే కొలత ఎలా సరిపోతుంది?

తర్వాత అడిగేది, "ఇంట్లో ఉన్న సీసా మీద ఎంత రాసుంది?" దీనికి జవాబు దాదాపు ఎవరూ చెప్పలేరు. "ఐదు ఎం.ఎల్. పొయ్యమన్నారు డాక్టరుగారు" అంటారు. ఏ సీసాలోంచి ఐదు? గొడవంతా అక్కడే ఉంది. ఎం.ఎల్. అనేది నీళ్ళ కొలత. అందులో మందు ఎంత కరిగి ఉందో చెప్పేది మిల్లీగ్రాములు, అంటే ఎం.జీ. పిల్లవాడి ఒంట్లో పనిచేసేది ఆ ఎం.జీ.యే.

పారాసిటమాల్ లేని ఇల్లు ఉండదు కాబట్టి దాన్నే ఉదాహరణగా పట్టుకుని చెబుతాను. ఈ లెక్క ఒకసారి చేతికి వస్తే ఏ సిరప్ లేబుల్ అయినా చదవగలరు.

ముందు బరువు

అంగన్‌వాడీలో నెలనెలా తూచి కార్డులో రాస్తారు. ఆ అంకె మీ ఫోన్‌లో కూడా ఉంచుకోండి. ఇంట్లో బరువు మిషన్ ఉంటే బిడ్డను ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి ఎక్కండి. తేడాయే బిడ్డ బరువు. చంటిపిల్లల విషయంలో మూణ్ణెల్ల కిందటి బరువు పనికిరాదు, అంత త్వరగా పెరుగుతారు. వయసుకు మించి బాగా లావుగా ఉన్న పిల్లలకూ, మరీ బక్కచిక్కి ఉన్న పిల్లలకూ, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళకూ ఇంట్లో లెక్క వెయ్యకండి, డాక్టరుతో రాయించుకోండి.

సీసా మీది చిన్న అక్షరాలు

పేరు పెద్దగా ఉంటుంది. క్రోసిన్, కాల్పాల్, డోలో... పేర్లు వేరే, లోపల మందు పారాసిటమాలే. మీరు చూడాల్సింది పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం: ఇన్ని ఎం.ఎల్.లో ఇన్ని ఎం.జీ. అని. మన దగ్గర ముఖ్యంగా నాలుగు రకాలు దొరుకుతాయి. సిరప్పుల్లో 5 ఎం.ఎల్.కి 120 ఎం.జీ. ఉన్నవి, 125 ఉన్నవి, 250 ఉన్నవి. చుక్కల మందులో, అదే డ్రాప్స్‌లో, 1 ఎం.ఎల్.కే 100 ఎం.జీ.

చివరిది మళ్ళీ చదవండి. 120 సిరప్‌లో 100 ఎం.జీ. కావాలంటే నాలుగు ఎం.ఎల్. పైనే పొయ్యాలి, డ్రాప్స్‌లో ఒక్క ఎం.ఎల్. చాలు. "చంటిపిల్లలకి ఇచ్చేది కదా, డ్రాప్స్ తేలిగ్గా ఉంటుంది" అని చాలామంది అనుకుంటారు. నిజం సరిగ్గా తలకిందులు. చంటిబిడ్డ ఎక్కువ మింగలేదు కాబట్టి కొద్ది ద్రవంలోనే మందు ఎక్కువ ఉండేలా చిక్కగా చేస్తారు. 120, 125 సిరప్‌ల కంటే డ్రాప్స్ దాదాపు నాలుగు రెట్లు ఘాటు, 250 సిరప్ కంటే రెండు రెట్లు.

ఇంకో అపార్థం కూడా ఉంది. డ్రాప్స్ అన్నారు కదా అని పది చుక్కలు లెక్కపెట్టి వేస్తారు. చుక్క సైజు డ్రాపర్ రంధ్రాన్ని బట్టి, మందు చిక్కదనాన్ని బట్టి మారుతుంది. చుక్కలు లెక్కపెట్టొద్దు, డ్రాపర్ మీద ఉన్న ఎం.ఎల్. గీత చూడండి. ఐరన్ డ్రాప్స్ సీసాలోని డ్రాపర్ తెచ్చి జ్వరం మందులో ముంచకండి, గీతలు వేరుగా ఉంటాయి. విటమిన్ డి చుక్కల్లో కూడా 1 ఎం.ఎల్.కి 400 యూనిట్లవీ, 800 యూనిట్లవీ రెండూ అమ్ముతారు. కొత్త సీసా కొన్న ప్రతిసారీ ఈ వాక్యం చదవాల్సిందే.

లెక్క

పారాసిటమాల్ ఒక డోసుకి కిలో బరువుకి 10 నుంచి 15 ఎం.జీ. కిలోకి 15 చొప్పున వేద్దాం. బాబు బరువు 12 కిలోలు అనుకోండి. 12ని 15తో హెచ్చిస్తే 180 ఎం.జీ. అది వాడికి ఒక డోసు, అంతకు మించకూడదు.

120 సిరప్ అయితే 1 ఎం.ఎల్.లో 24 ఎం.జీ. ఉంటుంది. 180ని 24తో భాగిస్తే 7.5 ఎం.ఎల్. 125 సిరప్ అయితే 7.2. 250 సిరప్ అయితే 3.6. డ్రాప్స్ అయితే 1.8. ఒకే బాబు, ఒకే జ్వరం, ఒకే మందు, నాలుగు వేర్వేరు కొలతలు!

ఇప్పుడు పొరపాటు ఎలా జరుగుతుందో చూడండి. పోయినసారి 120 సిరప్‌లో 7.5 పోశారు, అది గుర్తుంది. ఈసారి రాత్రి పదకొండింటికి జ్వరం వచ్చింది, ఇంట్లో చెల్లెలి డ్రాప్స్ సీసా ఉంది. అందులోంచి 7.5 పోస్తే 750 ఎం.జీ. లోపలికి వెళ్తుంది. 12 కిలోల బాబుకి రోజంతా కలిపి 720 దాటకూడదు (కిలోకి 60 చొప్పున). ఒక్క గుక్కలో అది దాటిపోయింది.

పెద్దవాళ్ళ మాత్ర విరవడం కూడా ఇలాంటిదే. 650 బిళ్ళలో సగం అంటే 325 ఎం.జీ. "సగమే కదా వేశాం" అంటారు. మన బాబుకి కావాల్సింది 180.

దేంతో కొలవాలి

వంటింటి చెంచాతో మాత్రం వద్దు. డాక్టరు చీటీలో "ఒక టీ స్పూన్" అని ఉంటే 5 ఎం.ఎల్. అని అర్థం. మన ఇళ్ళలో చెంచాల్లో మూడు పట్టేవీ ఉన్నాయి, ఏడు పట్టేవీ ఉన్నాయి. పాత తరంవాళ్ళు ఉగ్గుగిన్నెతో పోస్తారు. పట్టించడానికి అది భేషైన వస్తువు, కొలవడానికి కాదు.

నేను అందరికీ చెప్పేది సూది లేని సిరంజి. షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. 5 ఎం.ఎల్.ది ఒకటి, డ్రాప్స్ కోసం 2 ఎం.ఎల్.ది ఒకటి కొనుక్కోండి. సూది, దాని చిన్న ప్లాస్టిక్ మూత రెండూ షాపులోనే తీయించేయండి. ఆ మూత పిల్లల గొంతులో అడ్డం పడుతుంది. సిరప్‌ను ముందు శుభ్రమైన చిన్న కప్పులో కొంచెం పోసి, అందులోంచి లాగండి. గాలి బుడగ వస్తే పైకి తిప్పి తట్టి బయటికి పంపి, మళ్ళీ గీతకు సరిచూడండి. 7.5 కావాలంటే 5 ఒకసారి, 2.5 ఒకసారి. సీసాతో వచ్చిన మూత కప్పు వాడితే దాన్ని బల్ల మీద పెట్టి, మీరు వంగి కంటికి ఎదురుగా గీత చూడండి. కప్పు చేత్తో పైకెత్తి చూస్తే ఒరిగిపోయి లెక్క తప్పుతుంది.

దానికంటే ముందు సీసా బాగా కుదపాలి. మందు అడుగున పేరుకునే రకం అయితే, కుదపకుండా పోసిన మొదటి డోసుల్లో తీపి నీళ్ళే ఎక్కువ వస్తాయి, సీసా అయిపోయే ముందు మందంతా ఒక్కసారి దిగుతుంది.

నోట్లో పోసేటప్పుడు

పడుకోబెట్టి, ముక్కు మూసి, గొంతులోకి కొట్టడం మన ఇళ్ళలో ఉన్న అలవాటే. దాంతో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఒడిలో కూర్చోబెట్టుకుని, సిరంజి కొనను బుగ్గ లోపలి వైపు పెట్టి, కొద్దికొద్దిగా తోయండి. మింగనివ్వండి, మళ్ళీ తోయండి. పాల సీసాలో కలపొద్దు, సగం తాగి వదిలేస్తే ఎంత వెళ్ళిందో ఎవరికి తెలుసు? "ఇది చాక్లెట్ నాన్నా" అని కూడా చెప్పకండి. ఒకరోజు మీరు చూడనప్పుడు వాడే సీసా ఎత్తి తాగేస్తాడు.

పోసిన వెంటనే మొత్తం కక్కేస్తే ఇంకొక్కసారి పొయ్యవచ్చు. అరగంట దాటాక వాంతి అయితే మళ్ళీ పొయ్యకండి. ఎంత లోపల ఉందో, ఎంత పోయిందో అనుమానం ఉంటే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

ఎవరు పోశారు, ఎప్పుడు పోశారు

ఉమ్మడి ఇంట్లో ఇది పెద్ద చిక్కు. అమ్మ ఆఫీసుకు వెళ్తూ ఎనిమిదింటికి పోసి వెళ్తుంది. నాయనమ్మ పదింటికి ఒళ్ళు పట్టుకుని చూసి "అయ్యో, కాలిపోతోంది" అని మళ్ళీ పోస్తుంది. ఇద్దరిదీ ప్రేమే, డోసు మాత్రం రెండింతలు.

గోడ క్యాలెండర్‌కి పెన్ను దారంతో కట్టండి. ఎవరు పోసినా ఆ తేదీ గడిలో టైము, ఎం.ఎల్. రాయాలి. డోసుకి డోసుకి మధ్య ఆరు గంటలు ఉంచండి, తప్పనిసరైనా నాలుగు గంటలకు తగ్గొద్దు. ఇరవైనాలుగు గంటల్లో నాలుగు డోసులు దాటొద్దు. మూడో గంటకే జ్వరం మళ్ళీ ఎక్కితే గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవండి, పలచటి బట్టలు వెయ్యండి. నా అభిప్రాయం అడిగితే, 100 డిగ్రీలున్నా ఆడుకుంటూ, తాగుతూ ఉన్న పిల్లకి మందు అసలు అక్కర్లేదు. మందు బిడ్డ బాధ తగ్గడానికి, థర్మామీటర్‌ని తృప్తిపరచడానికి కాదు.

మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో లెక్కలు వేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకా తర్వాత వచ్చే జ్వరానికి ఏఎన్‌ఎం చెప్పిన కొలత పాటించండి, తగ్గకపోయినా, బిడ్డ పాలు తాగకపోయినా డాక్టరుకు చూపించండి. ఏ వయసువాళ్ళయినా మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఎగపోస్తున్నా, ఒంటేలు పోయడం బాగా తగ్గినా ఆగొద్దు. మూడు రోజులు దాటిన జ్వరాన్నీ డాక్టరుకు చూపించాల్సిందే.

వేరే జ్వరం మందులు

ఐబుప్రోఫెన్ సిరప్‌లో సాధారణంగా 5 ఎం.ఎల్.కి 100 ఎం.జీ. ఉంటుంది. డాక్టరు చెబితేనే వాడండి. ఆరు నెలల లోపు పిల్లలకు వద్దు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీల మీద దెబ్బ పడుతుంది కాబట్టి అప్పుడూ వద్దు. వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ డెంగీ భయం ఉంటుంది. జ్వరం డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ వేటినీ ముట్టుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. "దీంతో వెంటనే దిగుతుంది" అని పక్కింటివాళ్ళు ఇచ్చే సీసా ఎక్కువగా మెఫెనమిక్ యాసిడ్‌దే ఉంటుంది, కాంపోజిషన్ చదవండి. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

షాపులో అడగాల్సినవి

చీటీలో 125 సిరప్ అని ఉంటుంది. ఆ కంపెనీది లేక షాపువాళ్ళు వేరేది ఇస్తారు, "అదే మందండి" అంటారు. మందు అదే, బలం 250 అయి ఉండవచ్చు. డాక్టరు 125 లెక్కన 6 ఎం.ఎల్. రాస్తే, మీరు 250 సీసాలోంచి 6 పోస్తే రెండింతలు. కాబట్టి ఒక్క మాట అడగండి: "స్ట్రెంత్ అదేనా?" వేరైతే ఎన్ని ఎం.ఎల్. పొయ్యాలో ఫార్మసిస్టుతో లెక్క వేయించి, సీసా మీదే పెన్నుతో రాయించండి. మేం విసుక్కుంటామేమో అని మొహమాటపడకండి. విసుక్కున్నా అడగండి.

చీటీలోని పొట్టి అక్షరాలు కూడా అడిగి తెలుసుకోండి. ఓడీ అంటే రోజుకోసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. పారాసిటమాల్‌కి ఎస్‌ఓఎస్ అని ఉంటే జ్వరం లేకపోయినా పూటపూటా పొయ్యనక్కర్లేదు.

పోయిన ఏడాది చీటీ ఫోటో వాట్సాప్‌లో చూపించి అదే మందు అడిగేవాళ్ళున్నారు. అప్పటి బరువు వేరు, అప్పటి జబ్బు వేరు. అన్నయ్య చీటీతో తమ్ముడికి కొనడం ఇంకా ఘోరం.

బిల్లు తీసుకోండి. మందులో లోపం బయటపడినప్పుడు హెచ్చరిక బ్యాచ్ నంబరుతో వస్తుంది, బిల్లు లేకపోతే మీ సీసా ఎక్కడిదో చెప్పలేరు.

దగ్గు, జలుబు సిరప్పులు

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడాలో కోల్డ్‌రిఫ్ అనే సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. 20 మందికి పైగా. తమిళనాడు ల్యాబ్ పరీక్షలో అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది, అది పరిశ్రమల్లో వాడే విషపు ద్రావకం. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు కూడా ఎస్‌ఆర్-13 బ్యాచ్ వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు. అలాంటి కల్తీని మీరూ నేనూ కంటితో చూసి పట్టలేం. కానీ అసలు ఆ సిరప్ అవసరమా అని అడగడం మన చేతిలో ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్ళ లోపు మామూలుగా సిఫారసు చెయ్యరనీ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అప్పుడే గుర్తు చేసింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ రెండూ కలిసిన జలుబు మందులు నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద ఉండాలన్న ఆదేశం 2023లోనే వచ్చింది.

డోసు లెక్కకు సంబంధించిన చిక్కు ఇంకొకటి. చాలా జలుబు సిరప్పుల్లో పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది. జలుబుకి ఒకటి, జ్వరానికి ఒకటి పోస్తే లోపలికి రెండుసార్లు వెళ్ళేది అదే.

ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు ముక్కులో వెయ్యండి. ఏడాది దాటిన పిల్లలకి దగ్గుకు కొంచెం తేనె నాకించండి. ఏడాది లోపు బిడ్డకి తేనె వద్దు, ఆనవాయితీగా నాలుక మీద రాసేది కూడా.

పొడి సిరప్ కలపడం

యాంటీబయాటిక్ సీసా పొడిగా వస్తుంది, ఇంటికెళ్ళి కలుపుకోమంటారు. షాపులోనే కలిపిమ్మని అడగండి. ఇంట్లో అయితే ముందు సీసాను తట్టి పొడి విడిపోనివ్వండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు, లేదా పెట్టెలో ఇచ్చిన నీళ్ళ సీసా ఉంటే అదే, గీతకు కాస్త తక్కువగా పోసి బాగా కుదపండి. నురగ దిగాక మట్టం కిందికి పోతుంది, అప్పుడు సరిగ్గా గీతదాకా పొయ్యండి. అమాక్సిసిలిన్‌తో క్లావులనిక్ యాసిడ్ కలిసినదైతే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. ఏడు రోజులయ్యాక మిగిలినది పారేయండి. కలిపిన తేదీ సీసా మీద రాయండి. మిగిలింది కదా అని వచ్చే నెల దగ్గుకు దాచుకునేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ఎక్కువ పడిపోతే

ఉప్పునీళ్ళు తాగించి కక్కించవద్దు, చింతపండు రసం వద్దు. సీసా చేత్తో పట్టుకుని, ఎంత పోయి ఉంటుందో, ఎన్నింటికో గుర్తు చేసుకుని ఆస్పత్రికి వెళ్ళండి, లేదా 108కి ఫోన్ చెయ్యండి. బిడ్డ ఆడుకుంటోంది కదా అని ఆగకండి. పారాసిటమాల్ ఎక్కువైనప్పుడు మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు, కాలేయం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. విరుగుడు మందు ఉంది, అసిటైల్‌సిస్టీన్. ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

అమెరికా వెళ్ళే అమ్మమ్మలకు

మనవడి కోసం సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన డ్రాప్స్ సీసా కూడా పెట్టుకుని వెళ్తారు. అది తీసి ఇంట్లోనే ఉంచండి. అక్కడ పారాసిటమాల్‌ని అసిటమినోఫెన్ అంటారు. చంటిపిల్లలకు ఒక బలం, పెద్ద పిల్లలకు ఒక బలం ఉండి పొరపాట్లు జరుగుతున్నాయని 2011 నుంచి అక్కడి కంపెనీలు చిక్కటి డ్రాప్స్ మానేసి, పిల్లల ద్రవాలన్నిటినీ 5 ఎం.ఎల్.కి 160 ఎం.జీ.గా చేశాయి. మన దగ్గర కూడా అలా ఒక్కటే బలం ఉంటే ఈ వ్యాసంలో సగం రాయాల్సిన పనే ఉండేది కాదు. అక్కడి సీసాతో మన 12 కిలోల బాబు లెక్క వేస్తే, 1 ఎం.ఎల్.కి 32 ఎం.జీ., 180ని 32తో భాగిస్తే 5.6 ఎం.ఎల్.